తాబేటి పిల్లల జాడ వెదకిన ఆర్చీ కార్ పండితుడు

విద్యార్థులారా, శాస్త్రజ్ఞుల చరిత్రములను చదువునపుడు వారు కనిపెట్టిన సంగతులనే మనము జ్ఞాపకముంచుకొందుము. వారు ఎన్నియో యేండ్లు తెలియక తడుముకొనిన సంగతులను మనకు చెప్పువారు తక్కువ. నేనిచ్చట వ్రాయబోవునది, ముప్పది సంవత్సరములకు పైగా ఒక ప్రశ్నను మనస్సున నుంచుకొని, దానికి పూర్తి సమాధానము దొరకకమునుపే కన్నుమూసిన యొక జంతుశాస్త్రజ్ఞుని చరిత్రము. ఆయన పేరు ఆర్చీ కార్. సముద్రపు తాబేటి పిల్లలు గ్రుడ్డు వెడలి నీటిలో ప్రవేశించిన పిమ్మట ఎచ్చటికి పోవుచున్నవి, ఎట్లు పెరుగుచున్నవి యనునదే ఆ ప్రశ్న.

ఆయన 1909వ సంవత్సరము జూను నెల 16వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అలబామా రాష్ట్రమున మొబీల్ పట్టణములో జన్మించెను. తండ్రి ప్రెస్బిటేరియను సంఘమున బోధకుడు. తల్లి పియానో వాద్యము నేర్పునట్టిది. తండ్రికి వేటయందును చేపలు పట్టుటయందును మిక్కిలి ప్రీతి. తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబము టెక్సాసులోని ఫోర్టువర్తు నగరమునను, పిదప జార్జియాలోని సవానా నగరమునను నివసించి, తుదకు ఫ్లోరిడా రాష్ట్రమునకు చేరెను. బాలుడైన ఆర్చీ పాములను, తొండలను, తాబేళ్ళను పట్టి తెచ్చి పెరటిలో పెంచుచుండెను. సవానా రేవున పనిచేయు నల్లజాతి కూలీల మాటతీరు ఆయన చెవి నాకర్షించెను. ఇతరుల భాషను శ్రద్ధగా వినునట్టి ఈ గుణము పిమ్మట ఆయనకు ఎంత యుపకరించినదో ముందు చూడగలరు.

కళాశాలలో చేరినపుడు ఆయన ఆంగ్ల సాహిత్యమును చదువదలచెను. గెయిన్స్‌విల్ నగరమునందలి ఫ్లోరిడా విశ్వవిద్యాలయమునకు వచ్చిన తరువాత ఆయన మనస్సు జంతుశాస్త్రము వైపు మరలెను. అచ్చటనే 1932లో పట్టభద్రుడై, 1934లో పై పట్టమును, 1937లో డాక్టరు పట్టమును పొందెను. జంతుశాస్త్రమున ఆ విశ్వవిద్యాలయ మొసగిన డాక్టరు పట్టములలో ఇదియే మొదటిది. ఆ సంవత్సరముననే మార్జొరీ హారిస్ అను నామెను వివాహమాడెను. ఆమెయు జంతుశాస్త్రము చదివినదే. ఫ్లోరిడాకు అడ్డముగా త్రవ్వ నారంభించిన గొప్ప పడవల కాలువవలన అడవులును నదియు పాడగునని చెప్పి, ఇతరులను కూడగట్టి, 1971లో ఆ పనిని ఆపించుటకు ఆమెయే ముఖ్యకారకురాలు. ఈ దంపతులకు అయిదుగురు బిడ్డలు కలిగిరి.

కార్ పండితుడు తాను చదివిన విశ్వవిద్యాలయముననే ఉపాధ్యాయుడై, జీవితాంతము అచ్చటనే యుండెను. 1945 మొదలు 1949 వరకు మాత్రము మధ్య అమెరికాలోని హోండురాసు దేశమున ఒక వ్యవసాయ విద్యాలయములో బోధించెను. ఆ కాలమున స్పానిషు భాషను చక్కగా నేర్చుకొనెను. ఉత్తర అమెరికా ఖండమునందలి తాబేళ్ళనుగూర్చి ఆయన వ్రాసిన పెద్ద గ్రంథము 1952లో వెలువడి, శాస్త్రజ్ఞుల మెప్పును బంగారు పతకమును సంపాదించెను. ఆ గ్రంథము వ్రాయునపుడు ఆయనకొక సంగతి స్పష్టమయ్యెను. చెరువుల తాబేళ్ళనుగూర్చి వ్రాయుటకు కావలసినంత సామగ్రి కలదు. సముద్రపు తాబేళ్ళనుగూర్చి చూడబోగా, వాని మాంసము ఎట్లు వండవలెనో తెలిసినంతగా వాని జీవితము ఎవరికిని తెలియదు.

కాబట్టి ఆయన తెలిసినవారిని వెదకబోయెను. వారు విశ్వవిద్యాలయములలో లేరు, పడవలమీద నుండిరి. ఫ్లోరిడా తీరపు బెస్తలు రిడ్లే యను నొక చిన్న తాబేటినిగూర్చి ఆయనకు చెప్పిరి. దానిని వెల్లకిల వేసినయెడల తక్కిన తాబేళ్ళవలె ఓర్చియుండక, రెక్కలు కొట్టుకొని కొట్టుకొని గుండె పగిలి చచ్చునని వారు చెప్పుచుండిరి. అది గ్రుడ్లు పెట్టగా చూచినవారెవరును లేరు. రెండు జాతుల కలయికవలన పుట్టిన దగుటచేత దానికి సంతానము లేదని కొందరి నమ్మకము. ఆయన ఆ మాటను నవ్వి త్రోసివేయలేదు. నమ్మి యూరకుండనును లేదు. తీరమునుండి తీరమునకు పోయి, కనబడిన ప్రతి బెస్తవానిని అడిగెను. ఎన్ని యేండ్లు వెదకినను ఆ తావు దొరకలేదు. తుదకు మెక్సికో దేశమున ర్యాంచో న్యూవో యను తీరమున, ఆండ్రెస్ హెర్రెరా యను నాతడు 1947లో తీసిన చలనచిత్రమొకటి 1961లో శాస్త్రజ్ఞుల కంటబడెను. అందు వేలకొలది రిడ్లేలు పట్టపగలు ఒడ్డెక్కి గ్రుడ్లు పెట్టుచుండుట కానవచ్చెను. తాను కానలేనిదానిని శాస్త్రజ్ఞుడు కానివాడొకడు ముందే కనుగొనెనని కార్ పండితుడు చిన్నబుచ్చుకొనలేదు. ఆ చిత్రమును చూచి పసివానివలె సంతోషించెను.

ఈ వెదకులాటలో ఆయన కరీబియను సముద్రపు దీవులను, రేవులను తిరిగి, తాను చూచినదియు విన్నదియు 1956లో ఒక గ్రంథముగా ప్రకటించెను. ఒకప్పుడు ఆ సముద్రము పచ్చ తాబేళ్ళతో నిండియుండెను. కొలంబసు 1503లో కేమను దీవులను చూచినపుడు తాబేళ్ళ సమృద్ధినిబట్టియే వానికి పేరు పెట్టెను. పిమ్మట వచ్చిన ఓడలవారు ఉప్పుచేప బదులు ఈ జంతువులనే ఓడలలో ప్రాణముతో నుంచుకొని తినిరి. మూడు వందల యేండ్లు గడచునప్పటికి కేమను దీవుల తాబేళ్ళు అంతరించిపోయెను. కార్ పండితుడు విచారింపగా, పశ్చిమ కరీబియను సముద్రమున పచ్చ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టు తావులలో ముఖ్యమైనది యొక్కటే మిగిలియుండెను. అది కోస్టారికా దేశమున టోర్టుగేరో యను నల్లని యిసుక తీరము. ఇరువది రెండు మైళ్ళ పొడవు గలది. అచ్చటను రాత్రివేళ కాచియుండు మనుష్యులు ఒడ్డెక్కిన ప్రతి తాబేటిని వెల్లకిల త్రిప్పి, తెల్లవారినపిమ్మట పడవల కమ్ముచుండిరి. గ్రుడ్లు పెట్టకమునుపే తల్లి పట్టుబడుచుండగా ఆ జాతి యెట్లు నిలుచును? ఇదియే ఆయన లోకమునకు వేసిన ప్రశ్న.

ఆ గ్రంథమును చదివిన జాషువా పవర్సు అను నొక న్యూయార్కు పౌరుడు తన మిత్రులకు ప్రతులు పంపి, 1959లో పచ్చ తాబేటి సోదరసంఘ మను నొక చిన్న సమాజమును నెలకొల్పెను. దానినుండియే కరీబియను సంరక్షణ సంస్థ పుట్టెను. కార్ పండితుడు దాని శాస్త్రకార్యముల నాయకుడయ్యెను. ఆ సంస్థ నేడు సముద్ర కూర్మ సంరక్షణ సంస్థ యను అర్థము గల పేరుతో ఆ తీరముననే పనిచేయుచున్నది. కోస్టారికా ప్రభుత్వమువారును అడుగు ముందుకు వేసి, 1975లో చట్టముచేత టోర్టుగేరోను జాతీయ వనముగా స్థిరపరచిరి.

టోర్టుగేరోలో ఆయన 1955లో ఆరంభించిన పని చూచుటకు మిక్కిలి సామాన్యమైనది. రాత్రులు చీకటిలో తీరము వెంబడి నడచి, గ్రుడ్లు పెట్టి తిరిగి పోవుచున్న తాబేటికి అంకెవేసిన లోహపు బిళ్ళ తగిలించుటయే ఆ పని. మొదటి సంవత్సరము డిప్పకు రంధ్రముచేసి తీగతో బిళ్ళను కట్టగా అవి నిలువలేదు. పిమ్మట పశువుల చెవులకు గ్రుచ్చు బిళ్ళలను తెప్పించి ముందరి రెక్కకు గ్రుచ్చిరి, అవి నిలిచెను. బిళ్ళ దొరికినవారు దానిని విశ్వవిద్యాలయమునకు పంపినయెడల బహుమాన మిత్తుమని దానిమీదనే చెక్కించిరి. నికరాగువా, పనామా, కొలంబియా మొదలగు దేశముల బెస్తలు బిళ్ళలను పంపసాగిరి. వానితోడి జాబులను ఆయన ఆదరముతో చదివి దాచుకొనెను. ఈ జాబులవలన కోస్టారికాలో గ్రుడ్లు పెట్టిన తల్లులు నికరాగువా తీరపు గడ్డిమేతలకు పోవుననియు, రెండు మూడేండ్ల కొకమారు అదే తీరమునకు తిరిగి వచ్చుననియు తేలెను. దక్షిణ అట్లాంటికు మహాసముద్రమధ్యమున అసెన్షను అను చిన్న దీవిలో బిళ్ళలు వేయించగా, అచ్చటి తాబేళ్ళు రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరము నీది బ్రెజిలు తీరమునకు పోవుట తెలిసెను. దారి చూపు గుర్తులు లేని నీటిలో ఆ దీవిని అవి మరల నెట్లు కనుగొనుచున్నవో యని ఆయన జీవితాంతము ఆశ్చర్యపడెను.

ఆయన చేసిన పనులన్నియు ఫలించెనని చెప్పుట సత్యము కాదు. 1960 తరువాత కొన్ని సంవత్సరములు, అమెరికా నౌకాసైన్యపు విమానములలో టోర్టుగేరో పిల్లలను గ్రుడ్లను తీసికొనిపోయి, తాబేళ్ళు నశించిన దీవుల తీరములలో విడిచిరి. అచ్చట క్రొత్త మందలు స్థిరపడవలెనని ఆయన యాశ. ఆ యాశ నెరవేరిన జాడ కానరాలేదు. అయినను ఆ విమానము దిగిన ప్రతి దీవిలో, ఈ జంతువునకు మనుష్యుని రక్షణ కావలెనను మాట వినబడెను.

ఇప్పుడు పిల్లల సంగతికి వత్తము. తల్లి తాబేలు ఇసుకలో గుంట త్రవ్వి నూటికి అటునిటుగా గ్రుడ్లు పెట్టి, పూడ్చి, తిరిగి చూడక పోవును. సుమారు రెండు నెలలకు పిల్లలు గ్రుడ్డు పగులగొట్టుకొని వెలుపలికి వచ్చును. కార్ పండితుడును ఆయన సహచరుడొకడును గ్రుడ్లను విడివిడిగా ఒకచోటను, గుంపులుగా మరియొకచోటను పాతి చూచిరి. ఒంటరిగా పుట్టిన పిల్లలలో పెక్కు పైకి రాలేకపోయెను. గుంపుగా పుట్టినవి యొకటి కదలగా మరియొకటి కదలి, పైయిసుకను రాల్చి క్రిందకు త్రొక్కుచు, అందరు తోబుట్టువులును కలిసి మెట్టుమెట్టుగా పైకెక్కెను. పైకి వచ్చినవి సముద్రము వైపు ఆకాశపు వెలుగును గుర్తుపట్టి పరుగెత్తును. పీతలు, పక్షులు, కుక్కలు కొన్నిటిని తినివేయగా, మిగిలినవి యల దాటి, కడుపులోని పచ్చసొన యొసగు బలముతో ఎడతెగక ఈదుచు కనుచూపు మేర దాటిపోవును. అంతటితో అవి మాయమగును. మరల భోజనపు పళ్ళెమంత పరిమాణము గలవియై తీరపు నీళ్ళలో కనబడువరకు వానిని చూచినవారు లేరు. ఈ మధ్యకాలమునకు కార్ పండితుడు తప్పిపోయిన సంవత్సరమని పేరు పెట్టెను.

ఈ ప్రశ్నను ఛేదించుట యెట్లు? అరచేతిలో నిముడు పిల్లకు బిళ్ళ వేయుట సాధ్యము కాదు. వేసినను పెరుగుదలలో ఊడిపోవును. పడవమీద వెంబడించినయెడల కొలది గంటలకే అల కప్పివేయును. కాబట్టి ఆయన మరల బెస్తలను, ఓడలవారిని ఆశ్రయించెను. సముద్రమున తేలు గోధుమవన్నె నాచుదిబ్బలలో చిన్న తాబేళ్ళు కనబడినవని అక్కడొకరు ఇక్కడొకరు వ్రాసిరి. తుపానుకు ఒడ్డున పడిన పిల్లల కడుపులలో ఆ నాచు తునకలు దొరకెను. సర్గాస్సమను ఈ నాచు సముద్రపు లోతులలో వేరూనక నీటిపైననే తేలుచు పెరుగును. దానినిండ చిన్న రొయ్యలు, పీతలు, నత్తలు నివసించును. రెండు ప్రవాహములు కలియుచోట నీటి త్రోపుడువలన నాచును, తేలియాడు సమస్తమును ఒక బారుగా చేరును. పిల్లలును అచ్చటికే చేరి, ఆహారమును మరుగును పొంది, ప్రవాహముతో పోవుచుండునని ఆయన 1986, 1987 సంవత్సరములలో వ్యాసములు ప్రకటించెను. ఐరోపాకు సమీపమున నున్న అజోర్సు దీవులచుట్టు కనబడు చిన్న లాగర్‌హెడ్ తాబేళ్ళు అమెరికా తీరమున పుట్టినవేయని ఆయన యూహించెను. వాని పరిమాణమును చూడగా, ఆ ప్రయాణము ఒక్క యేడాదిలో ముగియునది కాదని, పెక్కు సంవత్సరములు పట్టునని ఒప్పుకొనెను. తాను పెట్టిన పేరునే తాను దిద్దుకొనెనన్నమాట. డెబ్బదియేడేండ్ల వయస్సున, లోకమంతయు తన పేరుతో చెప్పుకొను మాటను దిద్దుటకు ఆయన వెనుదీయలేదు.

ఈ కనుగోలుతోనే మరియొక దుఃఖము బయలువెడలెను. ఏ బారులో నాచు చేరునో, ఆ బారులోనే మనుష్యులు పారవేసిన తారు ముద్దలు, ప్లాస్టికు తునకలు చేరును. పిల్ల తాబేలు తినదగిన దానిని తినదగని దానినుండి వేరుపరుపజాలక రెంటిని మ్రింగును. తీరమును కావలికాచి, గ్రుడ్లను రక్షించి, పిల్లలను సముద్రమునకు చేర్చినంతమాత్రమున మన పని తీరలేదని ఆయనకు అప్పుడు తెలిసెను. చెడిపోని చెత్త తాబేళ్ళ బ్రతుకునకు కలిగించు హానినిగూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1987లోనే ప్రచురింపబడెను. ఆ సంవత్సరము మే నెల 21వ తేదీన, ఫ్లోరిడాలో మికనోపీ గ్రామము చెంత చెరువుగట్టున నున్న స్వగృహమున ఆయన పరమపదించెను. ఫ్లోరిడా తూర్పుతీరమున లాగర్‌హెడ్ తాబేళ్ళు విస్తారముగా గ్రుడ్లు పెట్టు భాగమును 1991లో ఆయన పేరిట సంరక్షిత క్షేత్రముగా ఏర్పరచిరి.

గురువు విడిచిన పనిని శిష్యులును, వారి వెనుకటివారును చేపట్టిరి. అజోర్సు, మదీరా దీవుల కడ పట్టిన చిన్న తాబేళ్ళ వంశలక్షణములను పరీక్షించి, అవి అమెరికా తీరములలో పుట్టినవేయని 1998లో నిర్ధారించిరి. కార్ పండితుని యూహ నిజమయ్యెను. పిమ్మట కేట్ మాన్స్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును, సూర్యరశ్మితో పనిచేయు పది గ్రాములకు లోపు బరువుగల సంకేత యంత్రములను ఫ్లోరిడాలోని లాగర్‌హెడ్ పిల్లల వీపున అమర్చిరి. పెరుగుచున్న డిప్పమీద ఏ జిగురును నిలువకపోగా, స్త్రీలు గోళ్ళకు పూయు లేపనమును పూతగా పూసి, దానిమీద సవరములు అతుకు జిగురుతో యంత్రమును అంటించిరి. అవి పంపిన సంకేతములను ఆకాశమున తిరుగు కృత్రిమ ఉపగ్రహములు గ్రహించెను. 2014లో వారు ప్రకటించిన ఫలితములలో పదునేడు పిల్లల దారులు కానవచ్చెను. కొన్ని ఏడు నెలలకు పైగా జాడ తెలిపెను. కొన్ని నాలుగువేల కిలోమీటర్లకు మించి పోయెను. అవి పెద్ద ప్రవాహముతోనే గ్రుడ్డిగా కొట్టుకొనిపోవుననుకొన్నవారికి ఆశ్చర్యము కలుగునట్లు, కొన్ని ప్రవాహమును విడిచి సర్గాసో సముద్రమున ప్రవేశించెను. యంత్రములు తెలిపిన వెచ్చదనము చుట్టునున్న నీటికంటె హెచ్చుగా నుండుటచే, అవి నాచు నడుమ ఎండ కాగుచున్నవని ఊహించిరి. ఆ వెచ్చదనము వాని పెరుగుదలకు తోడ్పడును. కార్ పండితుడు బెస్తల జాబులనుండి కట్టిన కథను ఇట్లు యంత్రము కొంత స్థిరపరచెను, కొంత సవరించెను.

ఇది దూరదేశపు కథయని యెంచకుడు. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు మన యాంధ్ర తీరమున ప్రతి సంవత్సరము చలికాలపు చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డెక్కి గ్రుడ్లు పెట్టుచున్నవి. ఇవి కార్ పండితుడు వెదకిన రిడ్లేకు దగ్గరి చుట్టములు. ఒడిశాలోని గహిర్మఠ, రుషికుల్య తీరములలో ఒక్కొక్క రాత్రి వేలకొలదిగా వచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని చంపుట నిషేధించినను, పెద్ద వలలలో చిక్కి ఊపిరాడక చచ్చిన తల్లులు ప్రతి యేడు మన యొడ్డున పడుచున్నవి. అటవీశాఖవారును స్వచ్ఛందసేవకులును గ్రుడ్లను తెచ్చి కంచెల లోపల పొదిగించి, పిల్లలను నీటిలో విడుచుచున్నారు. ఆ దృశ్యమును చూచుటకు మీలో ననేకులు పోయియుందురు. ఆడపిల్లలు పెరిగి గ్రుడ్లు పెట్టుటకు పది పదునైదేండ్లు పట్టును. నేడు మీ యెదుట నీటిలో దిగిన పిల్ల తిరిగి యొడ్డెక్కునాటికి మీరు గృహస్థులై యుందురు. అంతవరకు బంగాళాఖాతమున దాని నెవరును కావలికాయలేరు. మన వాగులనుండి, రేవులనుండి అచ్చటికి చేరు చెత్తను తగ్గించుట మాత్రమే మన చేతిలో నున్నది.

కార్ పండితునికి అంకెలు వేసిన బిళ్ళలు, టార్చి దీపము, బెస్తల జాబులు ఉండెను. ఇంతకు మించిన పరికరములు లేకయే ఆయన ముప్పది యేండ్లు పనిచేసెను. మీలో నెవరికైన రెక్కకు బిళ్ళగల తాబేలు కనబడినయెడల, దానిని పీకివేయక, అంకెను జాగ్రత్తగా వ్రాసికొని, చోటును తేదీని చేర్చి, అటవీశాఖవారికి తెలుపుడు. మీ తీరపు బెస్తలు చెప్పు మాటను నవ్వక విని, దానినికూడ వ్రాసికొనుడు. ఆ మాట సరియో కాదో తేల్చుట తరువాతి పని; ముందు వినుట మీ పని.